రిటైరయ్యాక చిన్న కారు: ఎంచుకోవడం నుంచి తాళాలు చేతికొచ్చేదాకా

కర్నూలులో రిటైరైనవాళ్లు, వచ్చే ఏడాది కాబోయేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఏ కారు తీసుకుంటే బాగుంటుంది?" ఒక పేరు చెప్పేయడం తేలికే. కానీ పేరుతో మొదలుపెడితే మిగతా పనంతా ఆ పేరును సమర్థించుకోవడంతోనే సరిపోతుంది. అందుకే వరుస మార్చి, ఏ పని తర్వాత ఏది చేయాలో ఇక్కడ రాస్తున్నాను. అనంతపురం, కడప వాళ్లకూ ఇదే వరుస.

ఒక్క మాట మాత్రం మొదటే పట్టుకోండి. ఈ వయసులో కొనే బండి పదేళ్లు, ఆ పైన కూడా ఇంట్లో ఉంటుంది. అరవైలో కొన్నదాన్ని డెబ్బైలోనూ మీరే నడపాలి, డెబ్బైలోనూ అందులోంచి లేచి దిగాలి. ఇప్పటి ఒంటికి కాదు, అప్పటి ఒంటికి సరిపోయేది వెతకాలి. కింద చెప్పేవన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

## 1. షోరూంకు వెళ్లకముందు కాగితం మీద రాయండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయండి. ఒక్కరే రాస్తే సగమే రాస్తారు.

- వారానికి ఎన్నిసార్లు, ఎంత దూరం? రైతుబజారు, బ్యాంకు, ఆసుపత్రి, గుడి అన్నీ కలిపి.
- ఏడాదికి ఎన్ని దూర ప్రయాణాలు? పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే 44వ జాతీయ రహదారి మీదే పని. తిరుపతికైతే నంద్యాల, కడప, రాజంపేట దారి.
- ఘాట్ ఎక్కాలా? శ్రీశైలం, తిరుమల, కడప-రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్.
- ఎక్కువసార్లు కూర్చునేది ఎందరు? ఇద్దరా, నలుగురా?
- మీరు కాక ఇంకెవరు నడుపుతారు?
- బండి ఎక్కడ నిలబెడతారు? నీడ ఉందా?

సంక్రాంతికి పిల్లలు, మనవళ్లు అందరూ వస్తారని ఏడు సీట్ల బండి చూసేవాళ్లున్నారు. ఆ నాలుగు రోజులకు బాడుగ బండి పెట్టుకోవచ్చు. మిగతా రోజులన్నీ ఇద్దరే కదా కూర్చునేది.

తర్వాత టేపు తీసుకోండి. గేటు వెడల్పు, కారు నిలిపే చోటు పొడవు, వెడల్పు కొలవండి. వేగనార్ వెడల్పు 1,620 మిల్లీమీటర్లు, పంచ్ 1,742, డిజైర్ 1,735. ఇవి అద్దాలు కాకుండా కొలతలు. తలుపు పూర్తిగా తెరుచుకుని మనిషి దిగేందుకు ఒక పక్కనైనా రెండున్నర అడుగులు మిగలాలి. కర్నూలు పాతబస్తీలోనో, అనంతపురం పాతూరులోనో ఇల్లుంటే సందు మలుపును కూడా కొలవండి.

ఇంటి ముందు కాలువ మీద వేసిన ర్యాంపు ఏటవాలుగా ఉంటే ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. నేల నుంచి బండి అడుగుకు ఉన్న ఎత్తు చూసేటప్పుడు పనికొస్తుంది.

## 2. లైసెన్సు ముందు, కారు తర్వాత

చాలామంది దీన్ని ఆఖరున చూసుకుంటారు. లైసెన్సు మీద చెల్లుబాటు తేదీ ఇప్పుడే చూడండి. 50 నుంచి 55 ఏళ్ల మధ్య తీసుకున్నదైతే 60 నిండేదాకానే చెల్లుతుంది. 55 దాటాక రెన్యువల్ చేసిన ప్రతిసారీ ఐదేళ్లు.

గడువుకు ఏడాది ముందు నుంచే పరివాహన్ వెబ్‌సైట్‌లో రెన్యువల్ పెట్టుకోవచ్చు. డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. గడువు దాటి ఏడాది పైబడితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి. చెల్లని లైసెన్సుతో నడిపి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర పెద్ద చిక్కు.

ఇదే ఊపులో కళ్లు పరీక్ష చేయించండి. శుక్లాలు ఉన్నాయంటే ఆపరేషన్ అయ్యాకే టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లండి. ఎదుటి లైట్ల వెలుగు ఎంత ఇబ్బంది పెడుతుందో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.

## 3. ఏ డబ్బు తీయాలి, ఏది ముట్టకూడదు

బడ్జెట్ అంటే షోరూం ధర కాదు, ఆన్-రోడ్ ధర. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిపి షోరూం ధర మీద దాదాపు ఐదో వంతు దాకా పెరుగుతుంది. ఏడు లక్షలు అని చూసిన కారు ఎనిమిది దాటి ఇంటికొస్తుంది.

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేసిన డబ్బు కారు కోసం తీయకండి. ఏడాది దాటి రెండేళ్లలోపు మూసేస్తే అసలులో 1.5 శాతం, రెండేళ్లు దాటాక మూసేస్తే 1 శాతం కోత. పైగా మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ ఆగిపోతుంది. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, గ్రాట్యుటీ చేతికి వచ్చినప్పుడే కారు వాటా విడిగా సేవింగ్స్ ఖాతాలో పెట్టి, మిగతాది డిపాజిట్లకు మళ్లించండి.

లోను తీసుకోవాలనుకుంటే మీ పింఛను వచ్చే బ్యాంకులోనే మొదట అడగండి. వాయిదాలు ముగిసేనాటికి మీ వయసెంతో బ్యాంకు చూస్తుంది కాబట్టి కాలపరిమితి తక్కువే దొరుకుతుంది. నెల వాయిదా ఎంతో లెక్క వేయించుకుని, పింఛనులో మందుల ఖర్చు పోగా మిగిలేదానితో పోల్చుకోండి.

పది లక్షల గీత దగ్గర జాగ్రత్త. షోరూం ధర పది లక్షలు దాటితే లైఫ్ టాక్స్ శాతం పెరుగుతుంది, పైగా ఒక శాతం టీసీఎస్ (డీలరు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టాలి. టీసీఎస్‌ను రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు కానీ లైఫ్ టాక్స్ పోయినట్టే. 9.90 లక్షల వేరియంట్‌కూ 10.20 లక్షల వేరియంట్‌కూ ఇంటికొచ్చేసరికి తేడా ముప్పై వేలతో ఆగదు.

## 4. ఎక్కి దిగడం: అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష

ఈ పరీక్షకు టైము పెట్టండి. షోరూంలో ఎవరు తొందరపెట్టినా తగ్గకండి. ఇంట్లో మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎవరో వాళ్లే ఈ పరీక్ష చేయాలి, రోజూ కట్టుకునే బట్టల్లోనే చేయాలి. చీర కట్టుకునే అమ్మ చీరలోనే రావాలి.

చేసే పద్ధతి ఇది. తలుపు తెరిచి, సీటుకు వీపు పెట్టి నిలబడమనండి. అలాగే వెనక్కి కూర్చోవాలి. ఇప్పుడు ఆగి చూడండి: పాదాలు నేలకు పూర్తిగా ఆనాయా? మోకాలు తుంటి కంటే పైకి లేచిందా? లేచిందంటే సీటు పల్లంగా ఉన్నట్టు, దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి మీదే పడుతుంది. పాదాలు అందకుండా వేలాడితే సీటు మరీ ఎత్తు. పాదాలు ఆని, మోకాలూ తుంటీ సమంగా ఉంటే అదీ మీకు కావలసిన ఎత్తు.

తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోవాలి. తలుపు కింద గడప ఎత్తుగా ఉంటే పాదం తగులుతుంది, కుచ్చిళ్లు చిక్కుకుంటాయి. తల పైకప్పుకు తగలకుండా ఉండాలంటే ఎంత వంగాల్సి వచ్చిందో చూడండి. మళ్లీ దిగమనండి. దిగేటప్పుడు చెయ్యి దేన్ని పట్టుకుంటోంది? పైన పట్టుకునే పిడి ఉంటే సరే. తలుపునే పట్టుకుని లేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు తలుపు కదిలి పడిపోయే ప్రమాదం ఉంది.

ఇలా ముందు సీట్లో, వెనక సీట్లో అయిదారు సార్లు చేయించండి. మొదటిసారి ఎవరైనా దిగుతారు. అయిదోసారి ముఖం ఎలా ఉందో చూడండి, జవాబు అక్కడే తెలుస్తుంది.

ఈ పరీక్షలో వేగనార్, పంచ్, ఎక్స్‌టర్ లాంటి నిలువెత్తు బళ్లు సాధారణంగా ముందుంటాయి. డిజైర్, బాలెనో, స్విఫ్ట్ లాంటివాటిలో సీటు కిందికుంటుంది. అవి మంచి కార్లే. కానీ మోకాళ్లు అరిగినవాళ్లున్న ఇంట్లో ఆ ఎత్తు తేడా రోజూ తెలుస్తుంది.

కూర్చున్నాక చూడాల్సినవి:

- డ్రైవర్ సీటు ఎత్తు సర్దుకునే వీలుందా? తక్కువ వేరియంట్లలో ఇది ఉండకపోవచ్చు.
- స్టీరింగు, సీటు సర్దుకున్నాక బానెట్ అంచు కనిపిస్తోందా?
- మెడ పూర్తిగా తిప్పకుండా వెనక, పక్క అద్దాల్లో దారి కనిపిస్తోందా?
- స్పీడు అంకెలు, ఏసీ బొత్తాలు కళ్లద్దాలతో చదవగలుగుతున్నారా? ఏసీ అంతా టచ్ తెరలోనే ఉంటే ఒకసారి నడుపుతూ ప్రయత్నించండి.
- సీటుబెల్టు కొక్కెం వెతుక్కోకుండా దొరుకుతోందా?
- డిక్కీ తలుపు పైకెత్తి, చెయ్యి చాచి మూయగలరా? చక్రాల కుర్చీ, వాకరు, బియ్యం మూట పెట్టాలంటే డిక్కీ అంచు ఎంత ఎత్తులో ఉంది?

డిక్కీ లెక్కలు: స్విఫ్ట్ 265 లీటర్లు, వేగనార్ 341, డిజైర్ 382, ఎక్స్‌టర్ 391. అంకె చూసి ఊరుకోకుండా ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూడండి.

## 5. గేరు, ఇంధనం

గేర్ల కారు ముప్పై ఏళ్లు నడిపినా, ఈసారి ఆటోమేటిక్‌కే వెళ్లండని నా గట్టి సలహా. కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో, కడప ఏడురోడ్ల కూడలిలోనో సాయంత్రం పూట క్లచ్ తొక్కి వదిలే ఎడమ కాలు పదేళ్ల తర్వాత మాట వినదు.

చిన్న కార్లలో ఎక్కువగా దొరికేది ఏఎంటీ, అంటే మామూలు గేర్లనే, క్లచ్ పనితో సహా, యంత్రం మార్చిపెట్టే రకం. ధర తక్కువ, మైలేజీ గేర్ల బండికి దగ్గరగా ఉంటుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు, ఒక క్షణం ఆలస్యం ఉంటాయి. లారీని దాటేటప్పుడు ఆ క్షణాన్ని లెక్కలో పెట్టుకోవాలి. హోండా అమేజ్‌లో ఉండే సీవీటీ అనే రకం ఆటోమేటిక్ ఇంకా మెత్తగా నడుస్తుంది, ఖరీదూ ఎక్కువే.

ఏఎంటీ ఘాట్‌కు పనికిరాదని కొందరంటారు. పనికొస్తుంది, వాడే పద్ధతి తెలియాలి. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు తొక్కి ఉంచండి. లేదంటే లోపలి క్లచ్ వేడెక్కుతుంది. దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులో దిగండి. హిల్ హోల్డ్ (ఎత్తులో బ్రేకు వదిలినా బండి వెంటనే వెనక్కి జారకుండా పట్టే ఏర్పాటు) ఉన్న వేరియంటే తీసుకోండి.

ఇంధనం విషయంలో:

- పెట్రోలు: రోజుకు పది, పదిహేను కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇదే.
- డీజిలు: వద్దు. బీఎస్6 డీజిలు బండిలో పొగమసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ ఆగకుండా దూరం పరుగెత్తాలి. ఊళ్లోనే చిన్న దూరాలు తిరిగితే అది మూసుకుపోతుంది.
- సీఎన్‌జీ: నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరగనివాళ్లకు, పెట్రోలు బండి కంటే ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. డిక్కీ కూడా తగ్గుతుంది.
- ఎలక్ట్రిక్: సొంత ఇల్లు, సొంత మీటరు, ఊళ్లోనే తిరుగుడు అయితే ఆలోచించండి. జీఎస్టీ 5 శాతమే. నెలకోసారి బెంగళూరు వెళ్లేవాళ్లు మాత్రం, దారిలో ఛార్జింగుకు ఆగే ఓపిక ఇద్దరికీ ఉంటేనే.

ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెలుపు, వెండి రంగులు తక్కువ వేడెక్కుతాయి. వెనక సీటుకు ఏసీ గాలి వచ్చే రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. డిజైర్, ఎక్స్‌టర్‌లో ఉన్నాయి, వేగనార్‌లో లేవు.

## 6. భద్రత దగ్గర రాజీ ఎక్కడిదాకా

మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి కార్లను ఢీకొట్టించి స్టార్లు ఇస్తోంది. ఎయిర్‌బ్యాగులు ఎన్నో చూసి ఊరుకోకండి. ఢీకొన్నప్పుడు లోపలివాళ్లకు ఎంత రక్షణ ఉంటుందో స్టార్లే చెబుతాయి, ఎక్కువలో ఎక్కువ ఐదు.

ఇక్కడ నిజంగానే ఇరకాటం ఉంది. ఎక్కి దిగడానికి అన్నిటికన్నా సులువైన వేగనార్‌కు 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అంతర్జాతీయ సంస్థ పరీక్షలో ఒక్క స్టారే వచ్చింది. అప్పుడు రెండు ఎయిర్‌బ్యాగులు ఉండేవి. 2025 నుంచి అన్ని వేరియంట్లలో ఆరు ఇస్తున్నారు. పంచ్‌కు 2021లో, కొత్త డిజైర్‌కు 2024లో అదే సంస్థ వయోజనుల భద్రతకు ఐదు స్టార్లు ఇచ్చింది.

నా తీర్పు ఇది. ఊరు దాటనివాళ్లకు ఎక్కి దిగే సులువే ముందు. నెలకోసారైనా హైవే ఎక్కేవాళ్లు ఐదు స్టార్ల బండే చూడాలి, అందులో మోకాళ్లకు కుదిరేది వెతకాలి.

## 7. టెస్ట్ డ్రైవ్: షోరూం దారిలో కాదు, మీ దారిలో

షోరూంవాళ్లు చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తారు. దాంతో ఏమీ తెలియదు. ముందురోజే ఫోను చేసి, మీరు కొనాలనుకున్న వేరియంటే, ఆటోమేటిక్ అయితే ఆటోమేటికే కావాలని, ఇంటికే తెమ్మని అడగండి.

ఎండాకాలమైతే మధ్యాహ్నం పూట పెట్టుకోండి. గంటసేపు ఎండలో నిలిపిన బండిలో నలుగురు కూర్చుని ఏసీ వేసి చూడండి. వెనక కూర్చున్నవాళ్లకు చల్లదనం ఎంతసేపటికి అందింది? ఏసీ వేసి, నలుగురితో ఫ్లైఓవర్ ఎక్కించండి. ఇంజను బలం అక్కడ తెలుస్తుంది.

దారిలో ఇవి ఉండేలా చూసుకోండి:

1. మీ ఇంటి ర్యాంపు, మీ గేటు. లోపలికి తిప్పి, రివర్సులో బయటికి తీయండి.
2. మీరు రోజూ వెళ్లే ఇరుకు సందు.
3. స్పీడ్ బ్రేకరు, వెనక ఇద్దరితో. అడుగు తగిలిందా?
4. గుంతల రోడ్డు ఒక కిలోమీటరు. నడుము నొప్పి ఉన్నవాళ్లు వెనక కూర్చోవాలి.
5. హైవే సర్వీసు రోడ్డు నుంచి హైవే మీదికి ఎక్కడం.

చూడాలనుకున్న రెండు మూడు కార్లనూ ఒకే దారిలో, ఒకే వారంలో నడపండి. నడిపిన ప్రతిసారీ వెంటనే కాగితం మీద రాసుకోండి. సాయంత్రానికి ఏది ఏదో కలిసిపోతుంది.

సర్వీసు సెంటరు మీ ఊళ్లో ఉందా, పక్క జిల్లాలోనా? ఇదీ అప్పుడే చూడాలి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కదా, మనకేమైనా తగ్గుతుందా అని అనంతపురం వాళ్లు అడుగుతుంటారు. ఫ్యాక్టరీ దగ్గరుందని షోరూం ధర తగ్గదు. మీ ఇంటికి సర్వీసు సెంటరు ఎంత దూరమో అదే మీకు లెక్క.

## 8. కొటేషన్ గీత గీతా చదవండి

నోటి మాట లెక్క కాదు. ముద్ర, తేదీ ఉన్న కొటేషన్ తీసుకోండి. అదే కంపెనీకి రెండో డీలరు ఉంటే అక్కడా ఒకటి. కర్నూలు వాళ్లు నంద్యాలలో, కడప వాళ్లు ప్రొద్దుటూరులో అడిగి చూడొచ్చు.

షోరూం ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. పొడవు నాలుగు మీటర్లలోపు, పెట్రోలు ఇంజను 1,200 సీసీలోపు ఉండాలి. డీజిలుకు 1,500 సీసీ. పాత లెక్కల కాగితం చూపిస్తే పక్కన పెట్టించండి.

లైఫ్ టాక్స్. మీరుండేది ఆంధ్రప్రదేశ్‌లో కాబట్టి ఇక్కడే కట్టాలి. హైదరాబాదులోనో బళ్లారిలోనో తక్కువకు వస్తుందని కొన్నా, తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద తెచ్చి ఇక్కడ టాక్స్ కట్టాల్సిందే. ఆ తిరుగుడు ఈ వయసులో వద్దు.

ఇన్సూరెన్సు. కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు తప్పనిసరి, సొంత నష్టానికి ఒక ఏడాది చాలు. డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట ఒక కంపెనీ దగ్గర అదే కవర్లతో లెక్క తీసుకుని చూపించండి, ఇక్కడ ధర తగ్గుతుంది. బంపర్ టు బంపర్ (విడిభాగాల ధరలో అరుగుదల కోత లేకుండా ఇచ్చేది), ఇంజను ప్రొటెక్షన్ (నీళ్లు చేరి ఇంజను పాడైతే ఇచ్చేది) రెండూ పెట్టించుకోండి. 2009 వరద చూసిన కర్నూలులో రెండోది ఎందుకో చెప్పక్కర్లేదు. ఓనరుకు 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. మీకు ఇప్పటికే అంత మొత్తానికి వేరే ప్రమాద పాలసీ ఉంటే దీన్ని తీసేయించవచ్చు.

హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్. బండిని షోరూందాకా తెచ్చిన ఖర్చు షోరూం ధరలోనే ఉంటుంది. ఈ గీత కొట్టించండి.

యాక్సెసరీలు, ఎసెన్షియల్ కిట్. ఇదంతా మీ ఇష్టం. కాళ్ల కింద మ్యాట్లు, మడ్ ఫ్లాపులు చాలు. అండర్ బాడీ కోటింగు, టెఫ్లాన్ పూత లాంటివి వద్దనండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇది మాత్రం తీసుకోమంటాను. ఇంకొన్నేళ్లు మెకానిక్‌ల చుట్టూ తిరగకుండా ఉండటానికి ఇచ్చే ధర అది.

నంబరు ప్లేట్లు. హై సెక్యూరిటీ ప్లేట్లు కొత్త బండితోనే వస్తాయి. విడిగా డబ్బు అడిగితే ఎందుకో రాసివ్వమనండి.

బేరం ఆడేటప్పుడు "సార్, ఈ రోజు బుక్ చేస్తేనే ఈ ఆఫర్, రేపు ఉండదు" అని సేల్స్ అబ్బాయి అంటాడు. "బాబూ, ఆ మాటే కొటేషన్ మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టివ్వు. ఇంట్లో మాట్లాడుకుని రేపొస్తాం" అనండి. సాధారణంగా రేపు కూడా ఆఫర్ ఉంటుంది.

ఆషాఢంలో, మూఢాల్లో మన దగ్గర గిరాకీ పడిపోతుంది. బేరానికి అదే సమయం. పట్టింపు ఉన్నవాళ్లు అప్పుడు మాట్లాడుకుని, శ్రావణంలో మంచిరోజు చూసి బండి తెచ్చుకోవచ్చు. కానీ ఆఫర్ సాధారణంగా బిల్లు వేసిన తేదీని బట్టి ఉంటుంది. డెలివరీ నాటికీ అదే తగ్గింపు ఉంటుందని రాయించుకోండి.

## 9. ఆర్డరు పెట్టడం

బుకింగ్ ఫారం మీద ఇవి లేకుండా సంతకం చేయొద్దు:

- మోడలు, వేరియంటు, గేరు రకం, ఇంధనం, రంగు
- ఒప్పుకున్న మొత్తం తగ్గింపు, ఉచితంగా ఇస్తామన్న వస్తువుల పేర్లు
- డెలివరీ అంచనా తేదీ
- రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు, ఎన్ని రోజుల్లో
- ఈలోపు ధర పెరిగితే ఎవరు భరిస్తారు
- తయారైన నెల, సంవత్సరం: "ఈ ఏడాది తయారైనదే" అన్న మాట

డబ్బు డీలరు కంపెనీ ఖాతాకే పంపండి, చెక్కు గానీ ఆర్టీజీఎస్ గానీ. సేల్స్ అబ్బాయి ఎంత మంచివాడైనా అతని సొంత ఫోను నంబరుకు పంపొద్దు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పదు. బుకింగ్ దగ్గర కొంతే కట్టండి. పూర్తి డబ్బు, పదో అంశంలో చెప్పిన పరీక్ష అయ్యాకే.

పాత కారు ఉంటే ఎక్స్ఛేంజి ధర, కొత్త కారు తగ్గింపు రెండూ వేర్వేరుగా రాయించండి. కలిపేస్తే ఎందులో ఎంత పోయిందో తెలియదు. పాతదాని మీద నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) ఉంటే బీమా కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త కారు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. మూడేళ్లలోపు వాడుకోవచ్చు. ఈ సంగతి చాలా షోరూముల్లో వాళ్లంతట వాళ్లు చెప్పరు.

## 10. రిజిస్ట్రేషన్‌కు ముందు బండిని చూడండి

రిజిస్ట్రేషన్ అయ్యాక తప్పు కనిపించినా బండి మార్చరు. అందుకే యార్డుకు పగటి వెలుగులోనే వెళ్లండి. వీలైతే తెలిసిన మెకానిక్‌ను, కళ్లు బాగా కనిపించే పిల్లల్లో ఒకరిని తీసుకెళ్లండి.

- బండి మీది ఛాసిస్ నంబరు 17 అక్షరాలు. బిల్లు, సేల్ సర్టిఫికెట్ మీది నంబరుతో ఒక్కో అక్షరం కలపండి.
- ఆ సేల్ సర్టిఫికెట్ (ఫారం 21) మీద తయారైన నెల, సంవత్సరం చూడండి.
- టైరు పక్కన చివరి నాలుగు అంకెలు: 2325 అంటే 2025లో 23వ వారం. అయిదింటికీ చూడండి, స్టెప్నీతో కలిపి.
- మీటరు మీద కిలోమీటర్లు వందకు పైగా ఉంటే ఎందుకో అడగండి.
- తలుపుల సందులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా? రంగు ఒకచోట వేరేగా మెరుస్తోందా?
- అద్దాలన్నీ ఒకే కంపెనీవా?
- ఏసీ, వైపర్లు, అన్ని లైట్లు, హారను, అద్దాల స్విచ్చులు, వెనక కెమెరా.
- జాకీ, స్పానరు, రెండు తాళాలు, సర్వీసు పుస్తకం.

ఏ లోపం కనిపించినా ఫోటో తీసి, అక్కడే డీలరు వాట్సాప్‌కు పంపండి. ఇంకో బండి చూపించమని అడగడం మీ హక్కు.

## 11. ఎవరి పేరున, నామినీ ఎవరు

రిజిస్ట్రేషన్ సమయంలోనే ఆర్సీలో నామినీ పేరు రాయించవచ్చు. 2021లో వచ్చిన మార్పు ఇది. తప్పకుండా రాయించండి. ఓనరుకు ఏదైనా జరిగితే మిగిలినవాళ్లు వారసత్వ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగకుండా బండిని తమ పేరు మీదికి మార్చుకోవచ్చు. భార్య పేరున కొంటే నామినీగా భర్త, లేదంటే భర్త పేరున, నామినీగా భార్య. ఓనరు ప్రమాద బీమా మాత్రం ఓనరుకు లైసెన్సు ఉంటేనే వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గం

పిల్లలు ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేసేయడం. వాళ్ల ప్రేమ మంచిదే. బుకింగ్ రద్దు గడువులోపు మీరు వెళ్లి నాలుగో అంశంలోని పరీక్ష చేయండి. కుదరకపోతే వేరియంటో మోడలో మార్చమనండి.

బేసిక్ వేరియంటు తీసుకుని బయట అన్నీ పెట్టించడం. వైరింగు కోస్తే ఆ భాగానికి వారంటీ పోవచ్చు. కావలసినవి కంపెనీ నుంచే ఉన్న మధ్య వేరియంటు తీసుకోండి.

ధనత్రయోదశికో దసరాకో డెలివరీ పట్టుబట్టడం. ఆ రోజు షోరూం జాతరలా ఉంటుంది, ఎవరూ ఏదీ సరిగ్గా చూపించరు. పరీక్ష, రిజిస్ట్రేషన్ వారం ముందే ముగించి, ఆ రోజు తాళాలు మాత్రం తీసుకోండి.

ఆటోమేటిక్ కొని మొదటిరోజే హైవే ఎక్కడం. ఎడమ కాలు అలవాటుగా క్లచ్ అనుకుని బ్రేకు తొక్కుతుంది. మొదటి వారం ఖాళీ మైదానంలో, ఆ తర్వాత ఊళ్లో నడపండి. ఎడమ కాలును వెనక్కి జరిపి ఉంచండి.

## 13. మొదటి ఆరు నెలలు

సర్వీసు కిలోమీటర్లను బట్టే అనుకుంటారు. నెలలను బట్టి కూడా ఉంటుంది. తక్కువ తిరిగినా గడువు నెలకు వెళ్లకపోతే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. తేదీలు క్యాలెండరు మీద రాసుకోండి.

వారానికి ఒకసారైనా ఇరవై నిమిషాలు నడపండి. ఊరికే స్టార్టు చేసి నిలబెడితే బ్యాటరీకి సరిపడా ఛార్జి ఎక్కదు. పిల్లల దగ్గరికి నెల రోజులు వెళ్లేటప్పుడు తాళం ఎవరికైనా నమ్మకస్తులకు ఇచ్చి వెళ్లండి. ఎలుకలు వైర్లు కొరకకుండా బానెట్ అప్పుడప్పుడూ తెరిచి చూడమనండి, బండిలో తినే వస్తువులేవీ వదలొద్దు.

ఫాస్టాగ్ షోరూంలోనే అంటిస్తారు. హైదరాబాదు, బెంగళూరు తరచూ తిరిగేవాళ్లకు 2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాస్ లాభం. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు. ఇది జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గరే చెల్లుతుంది. కర్నూలు నుంచి అనంతపురం వెళ్తుంటే అమకతాడు, కాసేపల్లి గేట్లు రెండూ 44వ జాతీయ రహదారి మీదివే.

డాష్‌బోర్డు అరలో ఒక కాగితం పెట్టండి: బ్లడ్ గ్రూపు, రోజూ వాడే మందులు, పిల్లల ఫోను నంబర్లు, బీమా పాలసీ నంబరు, రోడ్డు మీద సాయానికి కంపెనీ ఇచ్చిన నంబరు. అక్షరాలు పెద్దవిగా, తెలుగులో రాయండి.